లాంబేర్ కుడిచెంప

మా తాత రెమాకల్ కుర్చీలో పూర్తిగా కూర్చోగా చూసినవాళ్లు మా ఊరు షెరాత్‌లో ఎవరూ లేరు. అంచు మీద ఆనుకుంటాడు, అదీ ఒక కాలు గుమ్మం వైపు పెట్టి. కాఫీ గిన్నె చేతికిస్తే ఓ గుక్క తాగి ఎక్కడో పెట్టి మరిచిపోతాడు. ఇల్లంతా వెతికాక అది పావురాల గూట్లో దొరుకుతుంది. చర్చిలో ఫాదరుగారు ప్రసంగం మొదలుపెట్టగానే ఈయన వేళ్లు ముందున్న బల్ల అతుకుల మీద పాకడం మొదలుపెడతాయి. సందు ఎక్కడుంది, ఎంతుంది, ఎవడు ఉంచాడు. సందు దొరికిందంటే ఇక ఆయన్ని దేవుడు కూడా కూర్చోబెట్టలేడు.

ఇంట్లో తలుపులన్నీ ఆయనే బిగించాడు. ఎండ కాసే నెలల్లో అవి గాలి కూడా చొరబడనంత ముద్దుగా మూసుకుంటాయి. ముసురు పట్టిందంటే తెరుచుకోవు. ఒక నవంబరులో అమ్మమ్మ బంగాళాదుంపల కోసం సామాన్ల గదిలోకి వెళ్లింది. వెనకే తలుపు పడింది. దాన్ని ఊడబెరకడానికి వీధిలో మగాళ్లంతా రావలసి వచ్చింది. గాలి కూడా దూరని ఆ తలుపులోంచి అమ్మమ్మ తిట్లు మాత్రం బయటికెలా వచ్చాయో తాత ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాడు.

ఈ జబ్బు ఎలా ముదిరిందో చెప్పాలంటే ఆయన ఇంకా ఎవరికీ తాత కాని రోజుల్లోకి పోవాలి. అప్పుడు ఊళ్లో ఆయన్ని కందిరీగ అనేవారు. మనం రెమాకల్ అందాం.

కొండవాలు మీద ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఉత్తరం వైపు ఓ వెడల్పాటి కిటికీ, కిటికీ కింద చెక్కబల్ల, బల్లకు బిగించి ఇనుమును కదలకుండా పట్టే వైసు ఉండేవి. తెల్లారితే వీధి పొడుగునా ఇనుము గీకే ఆకురాళ్ల చప్పుడే. ఒకరింట్లో తుపాకీ మీటలు, ఒకరింట్లో మరలు, ఒకరింట్లో భుజానికి ఆనించే చెక్క మడమలు. తుపాకీ మొత్తంగా ఏ ఇంట్లోనూ పుట్టేది కాదు. రెమాకల్ వంతు తలుపు. అంటే గొట్టం వెనకవైపు తెరిచి, తూటా పెట్టి, మూసే ఇనుప తలుపు. వాళ్ల తాతల కాలంలో తుపాకీని మూతినుంచి నింపేవారు. మందు పోయాలి, గుండు వెయ్యాలి, కడ్డీతో దట్టించాలి, అంతసేపూ నిలబడే ఉండాలి. ఇప్పుడు సైన్యాలన్నిటికీ తొందర పట్టుకుంది. వెనకనుంచి నింపే తుపాకీ అయితే సిపాయి నేలమీద బోర్లా పడుకుని కూడా నింపుకోగలడు. అందుకని ఊళ్లో అందరికంటే ఎక్కువ పని తలుపులు బిగించేవాళ్లకే.

తలుపు సరిగ్గా కూర్చుందో లేదో మసి చెబుతుంది. దీపం మీద గాజుబుడ్డి తీసేసి, మంట పైన ఇనుము పట్టుకుంటారు. నల్లటి పొర అంటుకుంటుంది. తలుపు మూసి, తెరిచి చూస్తారు. ఇనుముకు ఇనుము తగిలిన చోట మసి పోయి తళుక్కుమంటుంది. అక్కడ ఆకురాయితో ఒక్క గీటు. మళ్లీ మసి, మళ్లీ మూత. చివరికి ఆ తళుకు అంతటా సమంగా వస్తే పని అయినట్టు. దీనికి చాలా ఓపిక కావాలంటారు. రెమాకల్‌కి ఓపికనేది పుట్టుకతోనే లేదు. పట్టుకున్నది వదల్లేకపోవడం మాత్రం ఉంది. కిటికీ బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపించేవి.

ఆ కిటికీ బయటినుంచి ఎక్కువగా చూసింది బార్బె. వీపున పెద్ద బుట్ట, చేతిలో ఊతకర్ర. రోజూ పొద్దున్నే ఇంటింటి దగ్గరా తయారైన సామాను తీసుకుని, కొండ దిగి, పడవలో మ్యూజ్ నది దాటి, లియేజ్‌లో దెఫావ్ అయ్యగారి తుపాకుల కొట్టుకు చేర్చడం ఆమె పని. మగాళ్లు ఇద్దరు పట్టుకునే బరువు ఒక్కతే ఎత్తుకుని, దారంతా మాట్లాడుతూనే నడిచేది.

"ఏమయ్యా, ముక్కు మీద ఆ మసేంటి? ముక్కుతో కూడా తలుపులు బిగిస్తున్నావా?"

"ఆగు, ఇంకొక్క గీటు."

"నిన్న కూడా ఒక్క గీటే అన్నావు. నాకోసం పడవ నడిపే కొలా ఆగడు."

"ఎందుకాగడూ? నీకోసం మ్యూజే ఆగుతుంది."

"అబ్బో! మాటలు బాగానే బిగిస్తావు. ఆ చేతిలోది ఇటివ్వు ముందు."

ఇలా నడుస్తుండగా బార్బె తండ్రి లాంబేర్ చెంప కాలింది.

లాంబేర్ దెఫావ్ అయ్యగారి దగ్గర తుపాకులు కాల్చి చూసే మనిషి. కొత్త రకం ఏది తయారైనా ఊరి చివర పాత రాతిగనిలో మొదట ఆయన భుజానికే ఎక్కాలి. రెండు చెంపల మీదా గుబురుగా పెంచిన గడ్డం ఆయనకు మహా గర్వం. ఆదివారం పూట దానికి వెన్న రాసేవాడని వీధిలో చెప్పుకునేవారు. ఆ ఏడు అయ్యగారు సైన్యానికి చూపించడానికని ఓ కొత్త తుపాకీ చేయించారు. దానికి కాగితం చుట్టిన తూటా. తలుపు బిగించింది రెమాకల్. లాంబేర్ చెంప ఆనించి మీట నొక్కాడు. తలుపు సందులోంచి బుస్సుమని నిప్పుగాలి వచ్చి ఆయన కుడిచెంపను నాకేసింది.

నిజానికి కాగితపు తూటా తుపాకులన్నీ అంతో ఇంతో అలా ఉమ్మేవే. సిపాయిలు భయపడి చెంపకు దూరంగా పట్టుకుని కాల్చేవారు, గుళ్లు మేఘాల్లోకి పోయేవి. అది ఆ కాలపు తుపాకీలన్నిటి రోగం. కానీ ఆ మాట లాంబేర్‌తో ఎవరంటారు? కన్ను దక్కింది. కుడివైపు గడ్డం మళ్లీ మొలవలేదు. ఎడమవైపుది ఆయన కావాలనే ఇంకా పెంచాడు, చూసినవాళ్లంతా రెండోది ఏమైందని అడగడానికి.

బార్బెను అడగడానికి రెమాకల్ బేరిపండ్ల పాకం డబ్బా ఒకటి చంకన పెట్టుకుని వెళ్లాడు. లాంబేర్ కుర్చీ తిప్పుకుని, బోడి చెంప అతని వైపు పెట్టి కూర్చున్నాడు.

"ఇదిగో, దీంతో మాట్లాడు."

"అది కాదు మావా..."

"మావా అనకు. ఇంకా అవలేదు. అవుతానో లేదో నాకే తెలీదు."

"ఈసారి ఉమ్మని తలుపు చేస్తాను. ఒట్టు."

"ఒట్లు ఎవడికి కావాలిరా? విను. తలుపు సందు చుట్టూ నేనో పలచటి కాగితం కడతా. కాలుస్తా. మళ్లీ నింపి కాలుస్తా. నాకు విసుగు పుట్టేదాకా కాలుస్తా. కాగితం తెల్లగా ఉందా, పిల్లనిస్తా. చిటికెడు మాడిందా, నువ్వు నది అవతల ఇంకో పిల్లని చూసుకో."

"ఎప్పట్లోగా?"

"వచ్చే తిరునాళ్లలోగా. ఆ తర్వాత పడవ కొలా పిల్లనడగడానికి వస్తానన్నాడు. వాడిదంతా తెడ్డు పని. తెడ్డు ఎవడి చెంపా కాల్చదు."

లోపల గోధుమ అట్లు పోస్తున్న బార్బె గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "నన్నెవరైనా అడుగుతారా, లేక నేను కూడా బుట్టలో సామానేనా?"

"నీ సంగతి తర్వాత," అన్నాడు లాంబేర్.

"అట్టు మాడుతోంది," అన్నాడు రెమాకల్. ఆ ఇంట్లో ఆ పూట అతను అన్న ఒకే ఒక్క సరైన మాట అది.

ఇక అతనికి నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు. గీకడం, మసి పట్టించడం, మూయడం, తెరవడం. కాసేపు వీధిలో అటూ ఇటూ పరుగులాంటి నడక. మళ్లీ వచ్చి గీకడం. పక్కింటి ముసలి గిలీ, ఇతనికి పని నేర్పినవాడు, కిటికీలోంచి తల పెట్టి చూసి పోతుండేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అడుగున ఇత్తడి డిప్ప ఉండే తూటాలు అప్పటికే లేకపోలేదు. వేటకు పోయే డబ్బున్నవాళ్లు వాడేవారు. కానీ షెరాత్ వీధిలో ఇత్తడి పేరెత్తితే ఉమ్మేసేవారు. ఇనుము మీద ఇనుము కూర్చోబెట్టి సందు లేకుండా చేయడమే వాళ్ల ప్రాణం, పరువు. ఇత్తడి తూటా పెట్టుకుంటే తలుపు ఎలా బిగించినా చెల్లిపోతుందట. అలాంటప్పుడు బిగించేవాడెందుకు?

"ఇల్లు కారుతుంటే కప్పు నేయించుకునేవాడు మగాడు," అనేవాడు గిలీ. "చుక్క పడే చోట చెంబు పెట్టి పడుకునేవాడికి ఇత్తడి."

రెమాకల్ ఆ మాటకు మనస్ఫూర్తిగా తలూపేవాడు. ఇనుముతోనే గెలుస్తానన్నాడు. వెంట్రుక దూరే సందు కూడా ఉంచనన్నాడు.

చలికాలం మొదట్లో సంత్ ఎలువా పండుగ వచ్చింది. ఆయన ఇనుము పనివాళ్లందరికీ దేవుడి దగ్గర దిక్కు. ఆ రోజు వీధిలో ఎవరూ ఆకురాయి ముట్టకూడదు. వైసులు తుడిచి, నూనె రాసి, ఆకుకొమ్మ పెట్టి, అందరూ పెకె సారా దుకాణంలో కూర్చోవాలి. ఆకురాయి చప్పుడు ఎవరింట్లో వినిపిస్తే వాళ్లు ఆ సాయంత్రం దుకాణమంతటికీ తాగబోయాలి. రెమాకల్ కూడా వెళ్లి కూర్చున్నాడు, అంచు మీద. గ్లాసు తిప్పాడు. బల్ల అతుకు తడిమాడు. కడుపులో నొప్పని చెప్పి లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి వైసు మీద దుప్పటి కప్పి, దుప్పటి లోపల తల దూర్చి, దీపం కూడా లోపలే పెట్టుకుని గీకసాగాడు.

చప్పుడు బయటికి రాలేదు. పొగ వచ్చింది. దుప్పటి అంటుకుంది. ఆర్పడానికి వీధి మొత్తం బకెట్లతో వచ్చింది.

"కడుపు నొప్పికి కాపడం పెట్టుకుంటున్నావా నాయనా?" అంది బార్బె, ఖాళీ బకెట్టు మీద గెడ్డం ఆనించి.

"తలుపు తడవలేదు కదా?" అన్నాడు రెమాకల్. ముఖంలో కళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

ఆ సాయంత్రం అందరికీ అతనే పోయించాడు. లాంబేర్ తన గ్లాసు ఎత్తి ఎడమ గడ్డం నిమురుకుంటూ, "కొలాకి కబురు పంపనా?" అని అడిగాడు.

చలికాలం పోయేసరికి తలుపు తయారైంది. అలాంటి తలుపు ఆ వీధిలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. మూస్తే 'చిక్' అని కూడా అనదు, మెత్తగా ఊపిరి వదిలినట్టు ఓ చిన్న శబ్దం. మూసిన చోట గీత కనిపించదు. గోరుతో గీస్తే గోరుకు తెలియదు. గిలీ దాన్ని వెలుతురుకు పట్టుకుని, తిప్పి, మళ్లీ పట్టుకుని, ముక్కు తుడుచుకున్నాడు. రెమాకల్‌కి అంతకంటే పెద్ద మెప్పు ఎప్పుడూ దొరకలేదు.

రాతిగనిలో పరీక్షకు దెఫావ్ అయ్యగారు కూడా గుర్రబ్బండిలో వచ్చారు. ఈ తలుపు నిలబడితే ఇలాంటివే ఇంకా చేయిద్దామని ఆయన ఆశ. బార్బె బుట్ట దించుకుని దాని మీదే కూర్చుంది. లాంబేర్ జేబులోంచి పలచటి కాగితం తీసి తలుపు సందు చుట్టూ కట్టాడు. చెంప ఆనించే ముందు ఒకసారి రెమాకల్ వైపు చూశాడు. మీట నొక్కాడు.

పొగ తొలగింది. కాగితం పాలలా తెల్లగా ఉంది.

రెమాకల్ ఎగిరి గంతేశాడు. "ఉమ్మలేదు! చూశారా మావా, ఉమ్మలేదు!"

"మావా అనకు. నాకింకా విసుగు పుట్టలేదు."

మళ్లీ నింపాడు, కాల్చాడు. తెల్లగా ఉంది. మళ్లీ కాల్చాడు. తెల్లగానే ఉంది. అయ్యగారు చేతికర్రతో నేలమీద సంతోషంగా కొడుతున్నారు. బార్బె లేచి నిలబడింది. లాంబేర్ మళ్లీ నింపడానికి తలుపు పిడి పట్టుకుని లాగాడు.

రాలేదు.

గట్టిగా లాగాడు. తుపాకీని తొడల మధ్య ఇరికించి లాగాడు. తుపాకీ మడమ నేలకు ఆనించి, పిడి మీద బూటు పెట్టి తొక్కాడు. తలుపు తన చోట తాను రాయిలా కూర్చుంది. తుపాకీ మందు కాలితే తడిబూడిదలాంటి మసి మిగులుతుంది, వేడికి ఇనుము కాస్త ఉబ్బుతుంది. ఆ మసికీ ఆ ఉబ్బుకూ రెమాకల్ ఎక్కడా చోటు ఉంచలేదు. చల్లటి కిటికీ దగ్గర, శుభ్రమైన ఇనుముతో, దీపం మసి తప్ప ఇంకో మసి ఎరగకుండా నెలల తరబడి బిగించాడు.

"ఇటివ్వండి, నేను లాగుతా." రెమాకల్ లాక్కున్నాడు. పళ్లు బిగించి లాగాడు. రాతికేసి కొట్టబోయి, తన తలుపు కదా, చెయ్యి రాక ఆగిపోయాడు.

"శత్రువు కొండెక్కి వస్తున్నాడనుకో," అన్నాడు లాంబేర్ తీరిగ్గా. "నేను వాడితో ఏమనాలి? 'కాసేపు ఆగు నాయనా, మా అల్లుడు మరీ బాగా బిగించాడు' అననా?"

"అల్లుడన్నారు!" అంది బార్బె.

"తిడుతున్నానే."

దెఫావ్ అయ్యగారు చేతికర్ర చంకన పెట్టుకుని బండెక్కారు. ఎక్కేముందు, "వెంట్రుక దూరకుండా చేస్తానన్నావు, నిజమే రెమాకల్, కానీ చెయ్యి కూడా దూరకుండా చేశావు," అన్నారు. కోపంగా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

తలుపు చివరికి వచ్చింది. ఇంటికి తెచ్చి నూనెలో నానబెట్టాక, ఎవరూ అడగనప్పుడు, తనంతట తనే సుతారంగా తెరుచుకుంది.

ఆ తర్వాత రెమాకల్ ఏ పనీ చేయలేదు, ఒక్క చోటా నిలవలేదు. పావురాల గూడు విప్పి మళ్లీ కట్టాడు. నదీతీరం వెంట నడిచిపోయి, చీకటి పడ్డాక ఏ ఊరొచ్చిందో తెలియక దారి అడుగుతూ వెనక్కి వచ్చాడు. కొద్దిగా వదులు చేస్తే ఉమ్ముతుంది. చేయకపోతే పట్టేస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక జాగా ఉండాలి, దాని కోసం గీకి చూశాడు. ఒక రోజు ఉమ్మింది, ఒక రోజు పట్టేసింది, ఒక రోజు రెండూ చేసింది. లాంబేర్ ఎదురుపడితే సందులోకి తప్పుకునేవాడు. తిరునాళ్ల పందిరికి గుంజలు కూడా తెచ్చేశారు.

బార్బె ఒక పొద్దున కిటికీ దగ్గర బుట్ట దించి, అడుగునుంచి ఓ గుడ్డమూట తీసి బల్ల మీద బోర్లించింది. ఇత్తడి డిప్పల తూటాలు గలగలమంటూ దొర్లాయి.

రెమాకల్ పాము కనబడ్డట్టు వెనక్కి జరిగాడు. "ఎక్కడివివి?"

"దెఫావ్ అయ్యగారి కొట్లో అడిగి తెచ్చా. లియేజ్‌లో నేను సామాను దించే చోట వీటితోనే కాలుస్తున్నారు. రోజూ చూస్తున్నా. ఎవడి చెంపా కాలడం లేదు."

"ఇది చెంబు పెట్టి పడుకోవడం."

"గిలీ మాటలు గిలీకి వదిలెయ్. ఇదిగో, కాల్చిన డిప్ప చూడు. కాల్చని డిప్ప చూడు. ఏది లావుగా ఉంది?"

అతను చూడనన్నాడు. చూశాడు. వేళ్ల మధ్య తిప్పాడు. కాలినప్పుడు పలచటి ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుని సందంతా తనే మూసేస్తోంది. మంట చల్లారగానే కాస్త ముడుచుకుని బయటికి జారిపోతోంది. తను నెలల తరబడి ఇనుముతో చేయించాలనుకున్న పనిని ఆ రేకు ముక్క రెప్పపాటులో చేసి, పైగా దారి కూడా ఇస్తోంది.

"అయితే తలుపు ఎలా ఉన్నా ఫర్వాలేదన్నమాట," అన్నాడు.

"ఎలా ఉన్నా కాదు. తెరుచుకోవాలి."

"ఎంత వదులు చెయ్యాలి?"

"నన్నడుగుతావేం? మోసేదాన్ని. కానీ మా నాన్న కట్టే కాగితం ఉంది చూడు, అంత మందం చాలదా?"

"అంత వదులా!" అన్నాడు రెమాకల్, ఎవరో చెయ్యి నరకమన్నట్టు.

"నీకు తలుపు కావాలా, నేను కావాలా?"

రెమాకల్ వెంటనే జవాబు చెప్పలేదు. ఈ సంగతి అమ్మమ్మ ఇప్పటికీ వంటింట్లో ఎత్తి చూపుతుంది. ఎవరైనా వింటున్నప్పుడు మరీను. ఆలోచించాడట మహానుభావుడు.

గొట్టం వెనక నోరు కొత్త తూటాకు సరిపడేలా తొలిపించి, డిప్పను గీరి బయటికి లాగే చిన్న కొక్కెం పెట్టించి బార్బె అదే బుట్టలో తిరిగి తెచ్చింది. మిగిలింది తలుపు. రెమాకల్ ఆకురాయి పట్టుకున్నాడు. దీపం వెలిగించలేదు. మసి ఇప్పుడెందుకు? ఒక గీటు గీశాడు, లేచి వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. ఇంకో గీటు. ఇంకో నడక. గిలీ కిటికీలోంచి చూశాడు. సమంగా మెరిసే ఆ ఇనుప ముఖాన్ని వీడు తన చేత్తో తనే పాడు చేస్తున్నాడు.

"ఒరేయ్, అది తలుపురా! ఎందుకురా దాన్ని చంపుతున్నావు?"

"పెళ్లి చేసుకుంటున్నా బాబాయ్," అన్నాడు రెమాకల్, తల ఎత్తకుండా.

గిలీ తల వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. చీకటి పడే వేళకు తలుపు మూస్తే 'చిక్' అని చప్పుడొచ్చింది. వీధిలో కొత్తగా పనిలో చేరినవాడు బిగించిన తలుపు చేసే చప్పుడది. రెమాకల్‌కి ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకోవాలనిపించింది.

రెండోసారి రాతిగనికి వీధిలో సగం మంది వచ్చారు. కొందరు తలుపు కోసం, ఎక్కువమంది లాంబేర్ ఏమంటాడో వినడానికి. దెఫావ్ అయ్యగారు దూరంగా బండిలోనే కూర్చున్నారు. లాంబేర్ తలుపు మూసి 'చిక్' వినగానే కనుబొమ్మలు ఎత్తాడు.

"ఏంట్రా ఇది? మా ఇంటి చెక్కపెట్టె ఇంతకంటే బాగా మూసుకుంటుంది."

"కాల్చండి."

"సందు కనిపిస్తోంది. ఇటునుంచి చూస్తే అటు షెరాత్ చర్చి కనిపించేలా ఉంది."

"కాల్చండి మావా!"

ఈసారి లాంబేర్ 'మావా అనకు' అనలేదు, భయం వల్లనేమో. కాగితం చుట్టి, ఇత్తడి తూటా పెట్టి, కుడిచెంప ఎంత దూరంగా పెట్టొచ్చో అంత దూరంగా పెట్టి, ఒక కన్ను పూర్తిగా మూసి, రెండో కన్ను సగం మూసి నొక్కాడు. కాగితం తెల్లగా ఉంది. పిడి లాగితే తలుపు తెరుచుకుంది, డిప్ప టింగుమని రాతి మీద పడింది. మళ్లీ కాల్చాడు. చెంప కొంచెం దగ్గరికి జరిగింది. మళ్లీ కాల్చాడు. డిప్పలు టింగు టింగుమంటూ పడుతూనే ఉన్నాయి. కాగితం తెల్లగానే ఉంది. చివరికి లాంబేర్ బోడి చెంపను మడమకు హాయిగా ఆనించి, నవ్వు బయటికి రాకుండా మూతి బిగించి కాలుస్తున్నాడు. తూటాల మూట అడుగు కనిపిస్తోంది. గొట్టం పట్టుకోలేనంత వేడెక్కింది. తలుపు అప్పటికీ ఓ చిన్నపిల్ల తెరిచేంత తేలిగ్గా తెరుచుకుంటోంది.

"ఇక చాలు, విసుగు పుట్టింది," అన్నాడు.

జనం అరిచారు. రెమాకల్ ఊపిరి వదిలాడు. కానీ లాంబేర్ తుపాకీ దించి, నింపాదిగా నుదురు తుడుచుకుని, అందరి వైపూ తిరిగాడు.

"అయితే ఒక మాట. ఉమ్మని తలుపు చేస్తానన్నాడు వీడు. ఈ తలుపు ఆపిందా? ఆపింది ఇత్తడి. గెలిచింది ఇత్తడి. మరి నేను నా పిల్లని ఎవరికివ్వాలి, డిప్పకా?"

కొందరు నవ్వారు. గిలీ నవ్వలేదు, అదే న్యాయమన్నట్టు తలూపాడు. రెమాకల్ మనసులోనూ సరిగ్గా అదే మాట నలుగుతోంది.

బార్బె బుట్ట మీదినుంచి లేచింది. తండ్రి చేతిలోంచి తుపాకీ తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక తుపాకులు వీపున మోయడమే గానీ ఏనాడూ ఒక్కటి భుజానికి ఎత్తలేదు.

"ఏయ్, ఏం చేస్తున్నావే?"

"కాగితం కట్టు నాన్నా."

"నీ చెంపకేమైనా అయితే?"

"నీ చెంపకైతే పందెం, నా చెంపకైతే భయమా? కట్టు."

లాంబేర్ కాగితం కట్టాడు. బార్బె తూటా పెట్టి తలుపు మూసి, చెంపను మడమకు గట్టిగా ఆనించింది. గిలీ టోపీ తీసి పట్టుకున్నాడు. ఆమె మీట నొక్కింది. భుజం వెనక్కి తన్నింది, ఆమె ఒక్క అంగుళం కదల్లేదు. అంత బరువులు మోసిన భుజం మరి. పిడి లాగి, డిప్ప కింద పడ్డాక, చెంప తండ్రి ముఖం ముందు పెట్టింది.

"చూడు. కాలిందా?"

"లేదు."

"కాగితం?"

"తెల్లగా ఉంది."

"తన తలుపును తనే పాడు చేసుకున్నాడు నాన్నా, నీ చెంప కోసం. ఇత్తడి ఆ పని చెయ్యలేదు. ఇక నన్ను అడుగు. ఇందాకటినుంచి అందర్నీ అడుగుతున్నావు, నన్నొక్కదాన్నే అడగలేదు."

లాంబేర్ ఎడమ గడ్డం నిమిరాడు, బోడి చెంప గోక్కున్నాడు. "సరే. అడుగుతున్నా."

"చేసుకుంటా."

"అయిపోయింది," అని లాంబేర్ జేబులోంచి పెకె సీసా తీసి, మూత పళ్లతో పీకి, కాబోయే అల్లుడి వైపు చాచాడు. "రారా రెమాకల్. తిరునాళ్లలో మొదటి నాట్యం మీ ఇద్దరిదీ. ఇక మావా అను. ఒరేయ్, నిన్నే."

రెమాకల్ అక్కడ లేడు. రాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, వేడి వేడి డిప్పల్ని ఒక అరచేతినుంచి ఇంకో అరచేతికి ఎగరేస్తూ ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాడు. ఒకదాని అంచున సన్నటి చీలిక కనిపించింది. కళ్లు మెరిశాయి.

"ఇక్కడ చీలింది," అన్నాడు, ఎవరితోనో తెలియదు. "అంచు ఇంకొంచెం మందంగా ఉంటే..."

"రెమాకల్!" లాంబేర్ అరుపు గనిలో మారుమోగింది. "పిల్లనిస్తున్నానురా!"

"ఆఁ, ఆఁ, ఒక్క నిమిషం."

బార్బె తండ్రి చేతిలోంచి సీసా తీసుకుని ఓ గుక్క తాగి, మూతి తుడుచుకుంది.

"ఆయనకిప్పుడు వినిపించదు నాన్నా. నాతో చెప్పు, నేను తర్వాత చెబుతాలే."